గంజాయి వనం ఎవరిది?

"గంజాయి వనంలో తులసి మొక్క" అనే మాట తెలుగు బడిలో చదివిన దళిత విద్యార్థి ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. పదో తరగతిలో మంచి మార్కులొస్తే సారు వీపు తట్టి అంటాడు. పిల్లవాడు ముందు పొంగిపోతాడు. ఇంటికి పోయి గడపలో కూచున్నాక గానీ అసలు సంగతి తలకెక్కదు. తను తులసి అయితే అమ్మా నాయినా గంజాయి. అన్న గంజాయి. వాడంతా గంజాయి. ఈ వ్యాసం రాస్తున్న మాలో నాగారం చుట్టుపక్కల బడుల్లో చదివినవాళ్లకు ఈ మెప్పు అందింది. తీసుకుని ఏం చేయాలో అప్పుడు తెలియలేదు.

ఆ సామెతను తిరగేసి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. తులసికి కోట ఉంటుంది, కోటకు ముంగిలి ఉంటుంది, ముంగిలికి సొంత జాగా కావాలి. గంజాయికి వనం అన్నారు. అంటే దానంతటదే మొలిచిన పొద, ఎవరూ నాటనిది, ఎవరూ సాకనిది. ఈ మాట పుట్టించినవాడు గంజాయి చేను చూడలేదని మా నమ్మకం. మత్తు గంజాయి అడవిలో ఊరికే మొలిచే పంట కాదు. వరికెంత చాకిరి ఉందో దీనికంత ఉంది, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువే. చాకిరి ఎక్కడుంటే అక్కడ కులం ఉంటుంది. కాబట్టి ఒక మొక్క చరిత్ర చెప్పుకోవడం కూడా మన పనే.

నాగారం హైదరాబాదుకు ఉత్తరపు అంచున, ఈసీఐఎల్ దాటాక కీసర దారిలో వచ్చే ఊరు. 2016 దాకా రంగారెడ్డి జిల్లా, తర్వాత మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. దక్షిణం వైపు చర్లపల్లి సెంట్రల్ జైలు. వాయవ్యాన శామీర్‌పేట, అక్కడ న్యాయశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం, ఇంకా పైకి పోతే విత్తనాలూ టీకాలూ తయారయ్యే జీనోమ్ వ్యాలీ. ఊరికి దాపునుంచే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. విశాఖ మన్యం నుంచి మహారాష్ట్రకు పోయే గంజాయి ఈ రింగు రోడ్డు మీద పట్టుబడిందన్న వార్త పేపర్లో మామూలైపోయింది. అంటే న్యాయం చదివే చోటు, జైలు, సరుకు పోయే దారి, ఈ మూడింటి మధ్యలో ఉంది ఈ ఊరు.

ఇక్కడ ఒకే మొక్కకు రెండు భాషలున్నాయి. బస్తీ పిల్లలు "మాల్" అంటరు. కొత్త అపార్టుమెంట్ల పిల్లలు "ఇండికా", "సటైవా", "ఇండికా డామినెంట్" అంటారు. రెండో భాషలో మొక్కకు వంశం ఉంది, గుణం ఉంది, ఇంటిపేరు ఉంది. మొదటి దాంట్లో సరుకు మాత్రమే. ఆ వంశం సంగతేందో ముందు చూద్దాం.

ఇండికా పాలు ఎక్కువున్న రకం అని విత్తనాల వ్యాపారులు దేన్నంటారంటే, పొట్టిగా, గుబురుగా, మూడు నాలుగు అడుగుల నుంచి ఆరడుగుల లోపల ఎదిగే మొక్కను. కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆకు రెక్కలు వెడల్పు, రంగు ముదురాకుపచ్చ. పూత మొదలయ్యాక ఎనిమిది తొమ్మిది వారాల్లో కోతకొస్తుంది. పూగుత్తి గట్టిగా, బంక దట్టంగా ఉంటుంది. ఒళ్లు బరువెక్కించి నిద్ర పుట్టిస్తుందని పేరు. ఈ లక్షణాలు ఏ ప్రయోగశాలలోనో పుట్టలేదు. అఫ్గానిస్తాన్, హిందూకుష్ కొండల చలీ, పొడి గాలీ, పొట్టి వ్యవసాయ కాలం వీటిని తయారుచేశాయి. మంచు పడేలోపు కాపు ముగియాలి కాబట్టి మొక్క తొందరపడింది. అక్కడి రైతులు పూతను జల్లించి బంకను చరస్ చేస్తారు కాబట్టి, బంక ఎక్కువున్న మొక్కల గింజలనే తరతరాలుగా దాచిపెట్టారు. 1970లలో ఆ గింజలు అమెరికాకు, తర్వాత హాలెండుకు చేరాయి. మేడల మీద, నేలమాళిగల్లో దీపాల కింద దొంగచాటుగా పెంచేవాళ్లకు పొట్టి మొక్క, తొందర కాపు బాగా పనికొచ్చాయి. ఇంకో దేశపు మొక్కతో కలిపారు, పేర్లు పెట్టారు. 'నార్తర్న్ లైట్స్' అనే పేరుమోసిన రకం అట్లా అఫ్గానీ, థాయ్ మొక్కల కలయికలోంచి వచ్చిందే. అఫ్గాన్ రైతు పేరు మాత్రం ఏ ప్యాకెట్టు మీదా లేదు.

మరి దీన్ని ఇండికా అని ఎందుకంటున్నారు? ఇక్కడే అసలు తమాషా. 1753లో లినేయస్ యూరపు జనపనార మొక్కకు కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో ఫ్రాన్సు వృక్షశాస్త్రజ్ఞుడు లామార్క్, సొనెరా అనే యాత్రికుడు భారతదేశం నుంచి తెచ్చిన నమూనాలు చూసి, ఇది వేరే జాతి అని తేల్చి కన్నాబిస్ ఇండికా అన్నాడు. ఆయన వర్ణించిన ఇండికాకు ఆకులు సన్నం. ఆ పేరు పుట్టింది మన మొక్క మీద. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, 1974లో, షుల్టెస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడూ ఆయన బృందమూ అఫ్గానిస్తాన్‌లో చూసిన పొట్టి మొక్కకు ఇండికా పేరు తగిలించారు. అంతటితో పేరు అటు పోయింది. దక్షిణ భారతపు పంట పది అడుగుల పైన లేస్తుంది, ఆకు సన్నం, కాపు ఆలస్యం. మన వానాకాలం పొడుగు కనుక మొక్కకు తొందర లేదు. ఇవాళ్టి బజారు భాషలో దీన్ని సటైవా కిందనే లెక్కేస్తారు. ఇండియా మొక్క ఇండికా కాకుండా పోయింది.

పేరు మార్పు వెనక కోర్టులున్నాయి. అమెరికా చట్టంలో నిషేధించిన మొక్క పేరు కన్నాబిస్ సటైవా అని ఉంది. నా క్లయింటు దగ్గర దొరికింది సటైవా అని రుజువు చేయండి, అది ఇండికా అయితే చట్టం వర్తించదు అని 1970లలో అక్కడి వకీళ్లు వాదించారు. శాస్త్రజ్ఞులు రెండు వైపులా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. వాదన ఎక్కువ కాలం నిలవలేదు గానీ, ఒక లాటిన్ మాట మనిషిని జైలు బయట నిలబెట్టగలదని కొన్నాళ్లు తేలింది. మన దేశంలో 1985లో చట్టం రాసినవాళ్లు ఆ సందు ముందే మూసేశారు. కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా అని రాసుకున్నారు. ఇండికా, సటైవా తేడా మన కోర్టులో చెల్లదు. చెల్లే తేడా ఇంకొకటుంది, అది తర్వాత.

శాస్త్రం కూడా ఈ పేర్లను ఇప్పుడు పెద్దగా నమ్మడం లేదు. 2015లో కెనడా పరిశోధకులు జన్యువులు చూసి చెప్పిందేమంటే, విత్తన వ్యాపారులు రాసే ఇండికా శాతాలకూ మొక్క అసలు వంశానికీ పొత్తు అంతంత మాత్రమే. నూటికి నూరు పాళ్లు సటైవా అని అమ్మే జమైకా రకం ఒకటి, నూటికి నూరు పాళ్లు ఇండికా అనే అఫ్గాన్ రకానికి దాదాపు అచ్చుగుద్దినట్టుంది. 2021లో వచ్చిన ఇంకో పరిశోధన ఈ పేర్లు కొన్ని వాసన పదార్థాల తేడాను మాత్రమే సూచిస్తాయని తేల్చింది. అంటే శుద్ధమైన వంశం అనేది ఇక్కడా కట్టుకథే. వంశశుద్ధి కథలు వినీ వినీ ఉన్నవాళ్లం, మాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇక చాకిరి సంగతి. బ్రిటిష్ పాలనలో గంజాయి మీద పెద్ద విచారణ 1893-94లో జరిగింది. లండను పార్లమెంటులో మద్యనిషేధ వాది విలియం కెయిన్ ప్రశ్న లేవనెత్తితే, మెక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడిగా ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యులు. ముగ్గురు భారతీయులు, వాళ్లలో ఒకరు రాజా, ఒకరు రాజకుమారుడు. 1,193 మంది సాక్షులు. కలెక్టర్లు, డాక్టర్లు, పాదరీలు, జమీందార్లు, వ్యాపారులు. గంజాయి ఎవరు తాగుతారు అంటే ఈ సాక్షులు బైరాగులు, ఫకీర్లు, కూలీలు, పల్లకీ మోసే బోయీలు, బెస్తలు, తక్కువ కులాలవాళ్లు అని చెప్పుకుంటూ పోయారు. ఎందుకు తాగుతారు అంటే అలుపు తీరడానికి, చలిజ్వరం రాకుండా, బరువు మోయడానికి అన్నారు. పల్లకీలో కూచున్నవాడు సాక్ష్యం చెప్పాడు, మోసినవాడి గురించి. మోసినవాడి సాక్ష్యం ఆ సంపుటాల్లో వెతుక్కోవాల్సిందే.

అయినా ఆ నివేదికను తీసిపారేయలేం. మితంగా వాడితే చెప్పుకోదగ్గ కీడు లేదని, పూర్తి నిషేధం అక్కర్లేదని, పన్ను వేసి అదుపులో పెట్టమని చెప్పింది. సర్కారుకు పన్ను మీద ప్రేమ ఉందనేది నిజమే. కానీ ఒక పని బాగా చేసింది. గంజాయి తాగితే పిచ్చెక్కుతుందనే మాటకు ఆధారంగా పిచ్చాసుపత్రుల లెక్కలు చూపించేవాళ్లు. కమిషన్ ఆ లెక్కల వెనక్కి పోయి, ఒక్కొక్క రోగి కాగితం తిరగేసింది. రోగిని తెచ్చిన పోలీసులు నింపిన ఫారంలో పిచ్చికి కారణం అనే గడి ఉండేది. ఏం రాయాలో తెలియకపోతే గంజాయి అని రాసేసేవాళ్లు. డాక్టరు దాన్నే రిజిస్టరులోకి ఎక్కించేవాడు. రిజిస్టరులోంచి అది ఏటేటా నివేదికలోకి పోయేది. మన జనం మీద ఇవాళ తయారయ్యే కాగితాలు చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

గంజాయి ఎట్లా తయారవుతుందో ఆ కాలపు రాతల్లోనే ఉంది. బెంగాల్లో నౌగావ్, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది, అక్కడి గంజాయి మహల్ దేశంలో పేరుమోసింది. నారుపోసి నాటుతారు, మట్టి ఎగదోస్తారు, కింది కొమ్మలు తీసేస్తారు. మొక్క పూతకొచ్చే ముందు పోద్దార్ అనేవాణ్ని పిలుస్తారు. అతనికి ఇంగ్లీషువాళ్లు గంజాయి డాక్టరని పేరు పెట్టారు. చేనంతా తిరిగి, చూడగానే మగ మొక్కను గుర్తుపట్టి విరిచేస్తాడు, తర్వాత వాటిని పీకేస్తారు. మగది ఒక్కటి మిగిలినా ఆడ మొక్కలన్నీ గింజ పడతాయి, పూతలో బంక తగ్గిపోతుంది. ఇవాళ విదేశాల్లో గింజలేని గంజాయిని గొప్ప కనిపెట్టుడుగా చెప్పుకుంటారు. నౌగావ్‌లో అది పోద్దార్ దినకూలి పని.

కోసినాక ఆ పూగుత్తుల్ని కాళ్లతో తొక్కాలి. బల్లపరుపు గంజాయికి వరసగా పరిచి, మనుషులు ఎక్కి తొక్కుతారు, తిరగేసి మళ్లీ తొక్కుతారు. గుండ్రటి గంజాయికయితే అడ్డంగా కట్టిన వెదురు బొంగును పట్టుకుని, పాదం కింద ఒక్కొక్క గుత్తిని దొర్లించి దొర్లించి చుడతారు. బంక పాదానికి అంటుకుంటుంది. తొక్కింది ఎంత బాగుంటే సరుకు అంత నిలవ ఉంటుంది. పాదంలోంచి పుట్టినవాళ్లని శాస్త్రం చెప్పిన జనం పాదాలతోనే తయారుచేసిన సరుకు మీద సర్కారు కోట్ల పన్ను గుంజింది.

తెలుగు నేల మీద కూడా ఇటువంటి చోటు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు సాగును రెండు చోట్లకు కుదించారు. ఒకటి ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు, దానికి వాణియంబాడిలో గిడ్డంగి. రెండోది అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా, దానికి సంతరావూరులో గిడ్డంగి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక బాపట్ల అందులోకి పోయింది. చేను సర్కారు లైసెన్సుది, కోత సర్కారు కళ్ల ముందు, సరుకు సర్కారు గిడ్డంగిలో, తూకం సర్కారుది, దుకాణం వేలం పాడినవాడిది. అంటే తెలుగువాడు గంజాయి పండించడం ఏదో మన్యంలో నిన్న మొన్న మొదలైన నేరం కాదు. డెల్టా అంచున ఒకప్పుడు అది రికార్డుకెక్కిన వ్యవసాయం. ఈ ప్రాంతంలోనే కారంచేడు కూడా ఉంది. 1985 జులై 17న అక్కడ మాదిగలను వెంటాడి చంపారు. మత్తుపదార్థాల చట్టం అదే ఏడు సెప్టెంబరులో రాష్ట్రపతి సంతకం పొంది నవంబరు 14 నుంచి అమలైంది. రెంటికీ సంబంధం కలపడం లేదు. అయితే మాలో ఒకరు రెండు తేదీలనూ ఒకే కాగితం మీద రాసుకున్నారు, కొట్టేయబుద్ధి కాలేదు.

నిజాం రాజ్యంలో 1316 ఫస్లీ నాటి ఆబ్కారీ చట్టం, 1333 ఫస్లీ, అంటే 1923-24 నాటి మత్తుపదార్థాల చట్టం ఉండేవి. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వాటిని తీసేసింది. చట్టం సంగతి అదిగానీ, ఊరి సంగతి వేరే. నాగారంలో మాతో మాట్లాడిన ముసలాయన ఒకరు ఇట్ల చెప్పిండు: "గోసాయి వస్తే కల్లం కాడ కూసోని చిలుం కొట్టేటోడు బిడ్డా. పటేలు అచ్చి కాళ్లు మొక్కేటోడు. అదే చిలుం మనోడు ముట్టుకుంటే గంజాయోడు అని పేరు పెట్టేటోళ్లు. ఆ పేరు ఇంక సచ్చేదాక పోదు." చరిత్ర పుస్తకంలో మేం చదివినదాన్ని ఆయన నాలుగు మాటల్లో ముగించాడు.

కమిషన్ నివేదికలో ఈ మాటకు పునాది దొరుకుతుంది. ఒకే మొక్క ఆకు భంగు, పూత గంజాయి, బంక చరస్. ఆకును నూరి పాలలో కలిపి తాగే భంగు మర్యాదస్తుల ఇళ్లలో, పండుగల్లో, శివరాత్రికీ హోలీకీ చెల్లేది. పూతను కాల్చి పీల్చే గంజాయి ఎక్కువగా కష్టజీవులదీ బిచ్చగాళ్లదీ. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద చర్చ జరిగినప్పుడు ఆకునూ గింజనూ గంజాయి నిర్వచనం బయట పెట్టారు. మిగతా దానికి పాతికేళ్ల గడువిచ్చారు. 1985 చట్టం ఆ గడువు ముగిసే వేళ వచ్చింది. అందులో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు మాత్రమే. కొసలు లేనప్పుడు ఆకూ గింజా గంజాయి కాదు. అందుకే కాశీలో సర్కారు లైసెన్సుతో భంగు దుకాణం నడుస్తుంది. ఆకు తాగినవాడు భక్తుడు, పువ్వు కాల్చినవాడు ముద్దాయి. ఈ చట్టంలో కులం అనే మాట ఎక్కడా లేదు. అక్కర్లేదు కూడా, మొక్కనే రెండు ముక్కలుగా కోసి పని కానిచ్చారు.

అంతకంటే మొహమాటం లేని చట్టం ఒకటుంది, అది మనవాళ్ల మీదనే వచ్చింది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్ చెరకు తోటలకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు పోయారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు అందులో బాగా ఉన్నారు. ఓడ జాబితాల్లో కులం గడి కూడా ఉండేది. అందులో మాల, మాదిగ పేర్లు కనపడతాయి. 1870లో నేటాల్ ప్రభుత్వం కూలీల చట్టాన్ని సవరించి కొత్త సెక్షన్ రాసింది: కూలీలు జనపనార మొక్కలో ఏ భాగాన్నీ తాగకూడదు, వాడకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, వాళ్లకు ఎవరూ అమ్మకూడదు. మొక్కను నిషేధించలేదు, కూలీకి మొక్కను నిషేధించారు. కారణం పని. మత్తులో ఉన్న కూలీ చెరకు కొట్టడని తోటల యజమానుల బాధ. పద్దెనిమిది గంటలు చెరకు కొట్టిన ఒళ్లు ఏం కోరుకుంటుందని ఎవరూ అడగలేదు. మారిషస్‌లో, గయానాలో ఇలాంటి కథే నడిచింది. జమైకాకు 1845 నుంచి పోయిన కూలీల నోట్లోంచి గంజా అనే మాట అక్కడి నల్లవాళ్ల భాషలోకి పోయి స్థిరపడింది. 1913లో జమైకా గంజాయి చట్టం తెచ్చి ఆ మాటనే నేరం పేరుగా మార్చింది. 2015లో జమైకా కొద్దిపాటి గంజాయిని శిక్షార్హం కాకుండా చేసింది. 2018లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం పెద్దవాళ్లు తమ ఇంట్లో వాడుకోవడం నేరం కాదని తీర్పు చెప్పింది. కూలీల మీద మొదలైన చట్టానికి అక్కడ నూట నలభై ఎనిమిదేళ్లు పట్టింది.

ఇప్పుడు మన కొండల దగ్గరికి వద్దాం. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, ఒడిశా సరిహద్దు దాకా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అంటున్న మన్యం. ఇక్కడి పంటకు దేశమంతా పేరున్న ఒక రకం పేరు శీలావతి. పేరు చూడండి. పతివ్రతల జాబితాలో ఉండే పేరు. ఇటు గంజాయి వనం అని తిట్టు, అటు గంజాయికే పతివ్రత పేరు. రెండు పేర్లూ పై నుంచి వచ్చినవే. కొండ మీద పండించే బగత, కోదు, పోర్జ మనిషి పెట్టిన పేరు కాదని వింటేనే తెలుస్తుంది. బయటి వ్యాపారులు గింజ, ఎరువు, అడ్వాన్సు పట్టుకొచ్చి పంట పెట్టించారని పేపర్లు రాస్తూనే ఉన్నాయి. 1970 నాటి 1/70 చట్టం వల్ల బయటివాడు అక్కడ భూమి కొనలేడు. ఆ చట్టం మంచిదే, దాన్ని కాపాడుకోవాలి. కానీ దాని నీడలో వ్యాపారి కొత్త ఉపాయం కనిపెట్టాడు. భూమి ఆదివాసిది, పెట్టుబడి నాది, లాభం నాది, కేసు నీది.

2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల పంట నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. ఫోటోలు దేశమంతా వచ్చాయి. కాఫీ, మిరియం, పసుపు పెట్టుకోమన్నారు. కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అడ్వాన్సు తిరిగివ్వమని అడిగే వ్యాపారి అన్నేళ్లు ఆగడు.

ఇక్కడే ముందు చెప్పిన ఆ చెల్లే తేడా వస్తుంది. మన చట్టానికి ఇండికా, సటైవా పట్టదు, శీలావతి పట్టదు. బరువు పట్టుద్ది. 2001 సవరణ తర్వాత కిలో దాకా చిన్న మొత్తం, ఇరవై కిలోలు వ్యాపార మొత్తం. చిన్న మొత్తానికి ఏడాది లోపు శిక్ష. మధ్యదానికి పదేళ్ల దాకా. వ్యాపార మొత్తానికి పదేళ్లకు తక్కువ ఉండదు, ఇరవై దాకా పోతుంది, లక్షకు తగ్గని జరిమానా. వ్యాపార మొత్తమయితే 37వ సెక్షన్ కింద బెయిలు దాదాపు కలే, ముద్దాయి నేరం చేయలేదని జడ్జికి ముందే నమ్మకం కుదరాలి. రెండేసి కిలోల ప్యాకెట్లు పదకొండు సంచిలో మోసినవాడు ఈ లెక్కలో బడా వ్యాపారి. సరుకు ఎవరిదో, డబ్బు ఎవరిదో, ఫోనులో దారి చెప్పిందెవరో అతనికి తెలియదు, తెలిసినా చెప్పడు. చట్టం ఇతన్ని వ్యాపార మొత్తం అనే గడిలో రాసుకుంటుంది. అసలు వ్యాపారం చేసినవాడు సరుకును తాకడు. ఈ దేశంలో తాకకుండా బతకడం ఎవరికి అలవాటో వేరే చెప్పాలా?

మేము గంజాయిని వెనకేసుకు రావడానికి ఇదంతా రాయడం లేదు. నాగారం, రాంపల్లి, చర్లపల్లి బస్తీల్లో చదువు మానేసిన పిల్లలు, పొద్దున లేవలేని పిల్లలు, తల్లి దాచిన డబ్బు ఎత్తుకుపోయే పిల్లలు మా కళ్ల ముందున్నారు. పదహారేళ్ల మెదడుకు ఈ మత్తు చేసే చెరుపు చిన్నది కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయినప్పుడు, తాగేవాణ్ని కాకుండా సారా వేలం పాడే సర్కారును నిలదీశారు. 1993లో సారా ఆగింది. గంజాయి మీద అటువంటి ప్రశ్న ఇంకా మన వాడల్లోంచి లేవలేదు. లేచిన గొంతు మర్యాదస్తుల కాలనీది. అది "మీ బస్తీ వల్లే" అని మొదలవుతుంది. సామెత మళ్లీ తలుపు తట్టినట్టే.

ఇంకో వైపు వ్యాపారం చట్టబద్ధంగా తలుపు తీస్తోంది. 2018లో ఉత్తరాఖండ్ మత్తు శాతం తక్కువున్న జనపనార సాగుకు లైసెన్సులిచ్చింది. 2021లో జనపనార గింజల్ని తినే సరుకుగా ఆహార ప్రమాణాల సంస్థ ఒప్పుకుంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి సంఘంలో కన్నాబిస్‌ను అత్యంత ప్రమాదకరమైన జాబితాలోంచి తీసేయాలని ఓటింగు జరిగితే 27కు 25 ఓట్లతో నెగ్గింది. తీసేయమన్న ఓట్లలో భారతదేశపు ఓటు ఉంది. అక్కడ ఆ ఓటు వేసిన రోజునా ఇక్కడ కిలోల లెక్కన కేసులు నడుస్తూనే ఉన్నాయి. రేపు కంపెనీలు పేటెంటు విత్తనంతో ఈ పంటలోకి దిగితే, కొండ మీది గింజను ఇన్నాళ్లూ దాచిన చేతులకు వాటా ఏంటని అడగడానికి కేసుల్లో ఉన్నవాళ్లు పోగలరా?

శామీర్‌పేటలో, ఇతర చోట్ల న్యాయం చదివే మన పిల్లలకూ, కోర్టుల చుట్టూ తిరిగే కార్యకర్తలకూ ఒక పని ఉంది. గంజాయి కేసు కాగితం చేతికొస్తే ముందు పంచనామా చదవండి. చట్టం గంజాయి అన్నది పూత ఉన్న కొసల్నే. పోలీసులు చాలాసార్లు మొక్కను కాండం, ఆకు, వేరుతో సహా మూట కట్టి తూకమేస్తారు. పచ్చిది తూస్తే నీటి బరువు కూడా కలుస్తుంది. పూత వేరు చేసి తూచలేదన్న కారణంతో హైకోర్టులు బెయిలిచ్చిన కేసులున్నాయి. పోలీసు దగ్గరిచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం ఉంటే, 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చూడండి. నార్కోటిక్ అధికారులు కూడా పోలీసు అధికారుల కిందే లెక్క, 67వ సెక్షన్ వాంగ్మూలాన్ని ఒప్పుకోలుగా వాడుకోకూడదు. నమూనా ఎవరి ముందు తీశారు, మేజిస్ట్రేటు ముందా, ఠాణాలోనా, ఎన్ని రోజులకు ల్యాబుకు పంపారు, ముద్దాయికి తెలిసిన భాషలో కాగితం చదివి వినిపించారా అన్నది కూడా చూడండి. కోదు భాష మాట్లాడే మనిషి పంచనామా మీద వేలిముద్ర వేసి, కింద "నాకు తెలుగులో చదివి వినిపించగా ఒప్పుకుంటిని" అని ఉంటే, అక్కడ ఆగి ఆ వాక్యం రాసిందెవరని అడగండి.